పుష్కరాలకి ఏడో నెల

ముంబై హార్బర్ లైన్‌లో గోవండీ దగ్గర దిగి, జనాభా శాస్త్రాల సంస్థ ఐఐపీఎస్ ఎటు అని అడిగితే టాటా ఇన్‌స్టిట్యూట్ వైపు చెయ్యి చూపించేవాళ్లే ఎక్కువ. రెండూ దేవనార్‌లోనే ఉన్నాయి. టాటా వారి సంస్థకున్న పేరు దీనికి లేదు కాబట్టి వాళ్లను అనడానికేం లేదు. కానీ మన ఆడవాళ్లకు సగటున ఎందరు పిల్లలు, ఏ జిల్లాలో బాల్యవివాహాలు ఇంకా జరుగుతున్నాయి, అయిదేళ్లలోపు పిల్లల్లో ఎందరు ఎదుగుదల లేక గిడసబారారు అంటూ పేపర్లో అంకె కనపడిందంటే దాని పుట్టిల్లు దాదాపు ఇదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను 1992-93లో మొదటిసారి చేసినప్పటి నుంచి నడిపిస్తున్నది ఈ సంస్థే.

1956లో సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు, భారత ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి కలిసి దీన్ని పెట్టాయి. అప్పటి పేరు డెమోగ్రాఫిక్ ట్రైనింగ్ అండ్ రీసెర్చ్ సెంటర్. ఆసియా, పసిఫిక్ దేశాల నుంచి జనాభా లెక్కలు నేర్చుకోవడానికి ఇక్కడికి వచ్చేవాళ్లు. 1970లో ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ స్టడీస్ అయింది. 1985లో డీమ్డ్ యూనివర్సిటీ హోదాతో పాటు ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్ అన్న ఇప్పటి పేరూ వచ్చింది. చరిత్ర ఇంతవరకు చాలు.

ఇక్కడి ఆచార్యులు ఏం సాధించారో చూసి రాద్దామని నేను వెళ్లాను. నోటీసు బోర్డు ముందు నిలబడితే విద్యాసంస్థల బోర్డులన్నింటి మీదా ఉండేవే కనపడ్డాయి: అచ్చయిన వ్యాసాలు, పీహెచ్‌డీ వైవాలు, సదస్సులు. బుద్ధిగా నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటుంటే, నా వెంట వచ్చిన తెలుగు పరిశోధక విద్యార్థిని ఆపింది. వాళ్లది బాపట్ల వైపు. ఇక్కడికి రాకముందు గుంటూరు పల్లెల్లో సర్వే ఇంటర్వ్యూలు చేసిన పిల్ల. "ఇవి రాస్తే మీ పాఠకులకి నిద్రొస్తుందండీ. లైబ్రరీకి రండి, ఒక లెక్క చూపిస్తాను" అంది.

బ్రిటిష్ కాలం నాటి సెన్సస్ సంపుటాలు బీరువాల్లో బారులు తీరి ఉన్నాయి. వాటి జోలికి పోకుండా ఒక తెల్లకాగితం తీసి నాలుగు గళ్లు గీసింది. ఊళ్లో ఏడాదిలో ఎన్ని పుట్టుకలో తేలాలి. రిజిస్ట్రారు దగ్గర ఒక చిట్టా ఉంది, మనం ఇంటింటికీ తిరిగి ఇంకోటి రాసుకొచ్చాం. రెంటిలోనూ ఉన్నవి 60 అనుకుందాం. రిజిస్ట్రారు చిట్టాలోనే ఉన్నవి 20, మన చిట్టాలోనే ఉన్నవి 15. కూడితే 95. మరి ఇద్దరి కళ్లూ కప్పినవి ఎన్ని? 20ని 15తో హెచ్చవేసి 60తో భాగిస్తే 5. ఊళ్లో పుట్టుకలు 100.

ఇంత చిన్న లెక్కకు పెద్ద పేరుంది: చంద్రశేఖరన్-డెమింగ్ పద్ధతి. సి.చంద్రశేఖరన్, విలియం ఎడ్వర్డ్స్ డెమింగ్ కలిసి 1949లో దీన్ని ప్రచురించారు. డెమింగ్ అంటే తర్వాత జపాన్ కార్ఖానాలకు నాణ్యత పాఠాలు చెప్పిన ఆ డెమింగే. సూత్రాన్ని సరిచూసుకున్నది కలకత్తా దగ్గర సింగూరు పల్లెల లెక్కలతో. నానో కారు గొడవతో మనందరికీ తెలిసిన సింగూరే అది. చంద్రశేఖరన్ తర్వాత బొంబాయి వచ్చి ఈ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. అమెరికా తన సెన్సస్‌లో ఎందరిని వదిలేసిందో చూసుకునేదీ ఈ దారిలోనే. మన దేశంలో ఏటా జనన మరణ రేట్లు ఇచ్చే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ కూడా ఒకే ఊరిని ఇద్దరితో విడివిడిగా రాయించి, రెండు చిట్టాలూ ఒరిసి చూసి, తేడా వచ్చిన ఇంటికి మళ్లీ మనిషిని పంపుతుంది. షరతు ఒక్కటే. రెండోవాడు మొదటివాడి చిట్టా చూసి ఎక్కించకూడదు. ఎక్కిస్తే ఆ గళ్లన్నీ దండగ.

నోటీసు బోర్డు సంగతులు రాసుకుంటున్న నా కలానికి ఇక్కడే దారి మారింది. సూత్రం ఎంత గొప్పదైనా ఎండలో తిరిగే మనిషి నిజాయితీ మీద నిలబడింది. ఆ మాటే అంటే, ఆ అమ్మాయి 2019 నాటి తన సంగతి చెప్పుకొచ్చింది.

కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లను వాళ్ల కాన్పులన్నీ వరసగా అడుగుతారు. నీ దగ్గరున్న కొడుకులెందరు, కూతుళ్లెందరు, వేరేచోట ఉంటున్నవాళ్లెవరు, పోయినవాళ్లెవరు. ఎవరూ పోలేదంటే అక్కడితో వదలరు. పుట్టి ఏడ్చిన బిడ్డగానీ, ఊపిరి తీసుకున్న బిడ్డగానీ తర్వాత దక్కకుండా పోయిందా అని ఇంకోసారి అడగాలి. ప్రశ్నపత్రంలోనే అలా ఉంటుంది. "మొదట లేదు అన్నవాళ్లే, ఈ రెండోసారికి, ఆఁ ఒకటి పోయింది, పురిటి స్నానం కూడా కాలేదు, అదీ రాయాలా అంటారండీ. పక్కన అత్తగారుంటే అదీ చెప్పరు" అంది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 30 మంది ఏడాది నిండకుండానే పోతున్నారని, తెలంగాణలో 26 మంది అని అయిదో సర్వే చెప్పింది. ఆ రెండోసారి అడగకపోతే ఈ అంకెలు ఇంకా అందంగా ఉండేవి.

తర్వాత నెల, సంవత్సరం. తారీఖు తెలియనివాళ్లు చాలామందే ఉంటారు. ఒకావిడను చిన్నబిడ్డ సంగతి అడిగితే, "కృష్ణా పుష్కరాలకి నాకు ఏడో నెల, మా వాళ్లు నన్ను నీళ్లలోకి దిగనివ్వలేదు" అందట. పుష్కరాలు 2016 ఆగస్టులో. ఏడో నెల అంటే ఇంకో రెండు నెలలు. అక్టోబర్ 2016 అని రాసి, దసరా ముందా తర్వాతా అని అడిగి ఖాయం చేసుకుంది. పాతకాలం వాళ్లయితే దివిసీమ ఉప్పెన ముందూ వెనకా అని చెబుతారు. సర్వేకు వెళ్లేవాళ్ల దగ్గర ఇలాంటి స్థానిక ఘటనల పట్టిక ఒకటి ఉంటుంది. నా మటుకు నాకు ఆ పట్టికలే కొన్ని చరిత్ర పుస్తకాల కన్నా బాగుంటాయి.

నెల దగ్గర ఇంత పట్టుదల ఎందుకంటే, బిడ్డకు అయిదేళ్లు నిండకపోతే ప్రశ్నలు పేజీలకు పేజీలు: టీకాలు, విరేచనాలు, తల్లిపాలు, నిన్న ఏం పెట్టావు. ఆపైన బరువు, ఎత్తు, అయిదో సర్వేలో వేలికి సూదిపోటు కూడా. నాలుగేళ్ల పది నెలల బిడ్డను కాగితం మీద అయిదు దాటించేస్తే సర్వే మనిషికి సాయంత్రం బస్సు దొరుకుతుంది. నలభై తొమ్మిదేళ్లావిడను యాభై చేస్తే మొత్తం ఇంటర్వ్యూయే ఉండదు. ఈ కిటుకు ప్రపంచంలో సర్వేలు చేసే ప్రతి దేశానికీ తెలుసు. దాన్ని పట్టుకోవడమే ఇక్కడి అధ్యాపకుల పనిలో సగం.

ఒక ప్రొఫెసర్‌గారి గదిలో ఆ పట్టికలు చూశాను. ఫీల్డ్ చెక్ టేబుల్స్ అంటారు. ఏ బృందం ఎన్ని ఇళ్లు తిరిగింది, ఆ ఇళ్లలో నలభై తొమ్మిదేళ్లవాళ్లు ఎందరు, యాభై ఏళ్లవాళ్లు ఎందరు, నాలుగేళ్ల పిల్లలెందరు, అయిదేళ్లవాళ్లెందరు. ఒక బృందం తిరిగిన ఊళ్లలో మాత్రమే యాభై ఏళ్లవాళ్లు ఉన్నట్టుండి పోగుపడితే ఫోన్ వెళుతుంది. అయిదో సర్వేలో 707 జిల్లాలు, 6 లక్షల 36 వేల ఇళ్లు. నోటీసు బోర్డు మీద పెట్టుకునే ఘనత కాదిది. ఎవరూ శాలువా కప్పరు. కానీ ఈ పని సరిగా జరగకపోతే బోర్డు మీదున్న వ్యాసాల్లో సగానికి పునాది ఉండదు.

ఇంతా చేసి ఆ అంకెలు ఏం తేల్చాయంటే, మన తెలుగువాళ్లమే ఒక పెద్ద చిక్కుముడి. పిల్లలు తగ్గాలంటే ముందు ఆడపిల్లలు చదువుకోవాలని, కేరళే దానికి సాక్ష్యమని అందరూ చెప్పేవాళ్లు. 1991 సెన్సస్ నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అక్షరాస్యత 33 శాతం. అయినా తొలి సర్వేలో 2.6 ఉన్న సగటు కాన్పులు 2005-06 నాటికి 1.8కి దిగాయి. అదే సర్వేలో కేరళ 1.9. చదువుల కేరళను చదువులేని తల్లులు దాటిపోయారు! ఇక్కడ డైరెక్టర్‌గా ఉండగానే 2007లో కన్నుమూసిన పి.ఎన్.మరి భట్, దేశంలో కాన్పులు తగ్గడంలో పెద్ద వాటా చదువులేని తల్లులదేనని లెక్కకట్టి చూపించారు. ఇక్కడ ఆచార్యుడిగా పనిచేసిన పెరియనాయగం ఆరోక్యసామి మరో ఇద్దరితో కలిసి 2003లో రాసిన వ్యాసం నేరుగా ఆ ప్రశ్నే వేసింది: చదువులేని ఆడవాళ్లు కుటుంబ నియంత్రణ ఎందుకు పాటిస్తున్నారు? తన చదువొక్కటే కాదు, చుట్టుపక్కల చదువుకున్నవాళ్లు ఎందరున్నారన్నదీ లెక్కలోకి వస్తుందని అందులో తేలింది.

అయితే ఈ కథలో గొప్పలు చెప్పుకోనివ్వని ముక్క ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో 70 శాతం మందికి ఆపరేషన్ అయింది, చాలామందికి పాతికేళ్లలోపే. మగవాళ్లలో ఒక శాతం కూడా లేరు. తొందరగా పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు, ఆపరేషన్. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిదికి ముందే పెళ్లయినవాళ్లు అయిదో సర్వేలోనూ 29 శాతం. అంటే కాన్పులు ఆగాయి గానీ, బాల్యవివాహం ఆగలేదు. సగటు 1.8 అని మురిసిపోయే నాయకులు ఈ వరస కూడా చదవాలి.

చదవరు. ఇద్దరు మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం చేసింది మనమే. అదే నిబంధనను 2024 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. మధ్యలో సగటు 1.7కి చేరింది. జనాభా నిలకడగా ఉండాలంటే కావలసింది 2.1. ఈ తగ్గుదల మూడు దశాబ్దాలుగా సర్వే తర్వాత సర్వేలో అచ్చవుతూనే ఉంది.

ముసలివాళ్ల సంగతీ ఇక్కడే లెక్కకొస్తోంది. నలభై అయిదు దాటిన 72 వేల మందితో 2017-18లో మొదలుపెట్టిన లాసీ సర్వేలో ఆస్తులూ రోగాలూ అడగడంతో పాటు, పది మాటలు వినిపించి తిరిగి చెప్పమంటారు, పిడికిలి బిగువు కొలుస్తారు, కొంత దూరం నడిపించి సెకన్లు లెక్కపెడతారు. పెన్షన్ల మీద మాట్లాడేవాళ్లకు దీన్ని మించిన సరుకు దొరకదు.

నిజం చెప్పే అంకెలు అందరికీ రుచించవు. దేశం బహిరంగ మలవిసర్జన నుంచి విముక్తమైందని 2019లో ప్రకటించుకున్నాం. ఏ మరుగుదొడ్డీ వాడని ఇళ్లు ఇంకా 19 శాతం ఉన్నాయని అయిదో సర్వే చెప్పింది. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు 53 నుంచి 57 శాతానికి పెరిగారనీ చెప్పింది. 2023 జూలైలో సంస్థ డైరెక్టర్‌ను కేంద్ర ఆరోగ్య శాఖ సస్పెండ్ చేసింది. నియామకాల్లో అవకతవకలే కారణమని శాఖ అంది, అంకెలు నచ్చకపోవడమే అసలు కారణమని పత్రికల్లో వచ్చింది. ఆరో సర్వేలో రక్తహీనత పరీక్ష లేదు. ఈ సంగతి నేను కదిపితే, క్యాంపస్‌లో మాట వాతావరణం మీదికి మళ్లింది.

ఈ పని ముంబైలోనే జరుగుతుందనుకోనక్కర్లేదు. ఆరోగ్య శాఖ సాయంతో దేశంలో నడిచే జనాభా పరిశోధన కేంద్రాల్లో ఒకటి విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది. తొలి సర్వే ఆంధ్రప్రదేశ్ నివేదిక ఐఐపీఎస్, విశాఖ కేంద్రం కలిసి తెచ్చిందే. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జనాభా అధ్యయన శాఖ ఉంది. మన పత్రికలు వాళ్ల గుమ్మం ఎక్కేది జులై 11, ప్రపంచ జనాభా దినం నాడు మాత్రమే. మిగతా రోజుల్లోనూ వెళ్లండి, జిల్లా పట్టికలు అడగండి, ఇస్తారు.

ఇక పాఠకులకు ఒక మాట. 2021లో జరగాల్సిన సెన్సస్‌కు 2027 మార్చి 1ని లెక్కతేదీగా ప్రకటించారు. సెన్సస్ వాళ్లొచ్చినా సర్వే వాళ్లొచ్చినా గుమ్మంలో నిలబెట్టి "తర్వాత రండి" అనకండి. నాయనమ్మ వయసు ఎనభై ఉంటుందిలే అని కొట్టిపారేయకుండా కాస్త లెక్కవేసి చెప్పండి. పనికోసం వేరే ఊళ్లో ఉంటున్న కొడుకును మీ ఇంట్లో రాయించాలో వద్దో అడిగి తెలుసుకోండి. కోడలిని ప్రశ్నలు అడుగుతున్నప్పుడు, దయచేసి మీరు కాసేపు పక్క గదిలోకి వెళ్లండి.