అవతలివైపు నిలుచువాడు

2024వ సంవత్సరము డిసెంబరు 28వ తేది, శనివారము. క్రిస్మస్ గడిచి మూడు దినములైనది. మందిరమునకు కట్టిన రంగు కాగితపు తోరణములు ఇంకను విప్పలేదు. మరునాటి ఆరాధనకు మందిరము సరిచేయుటకై బయలుదేరిన నేను శ్రీకూర్మం బజారులో టీ బడ్డీయొద్ద ఆగిపోతిని. పదిమంది పడుచువాండ్రు ఒక చిన్న ఫోను చుట్టు తేనెటీగలవలె మూగియుండిరి. వారిలో నలుగురు మా సంఘపు పిల్లలే.

“ఏటర్రా, ఏటయింది?” అని అడిగితిని.

“మాస్టారూ, మన విశాపట్నం గుంటడు ఆస్ట్రేలియాలో ఆడతన్నాడు! తొంబై దాటీసినాడు! రండి, సూడండి,” అని నాకు చోటిచ్చిరి.

విశాఖపట్నము మాకు నూరు కిలోమీటర్లకు పైగా దూరము. అయినను వారు పక్క వీధి కుఱ్ఱవానిని గూర్చి మాటలాడుచున్నట్లే మాటలాడిరి. ఆ కుఱ్ఱవాడు నితీశ్ కుమార్ రెడ్డి. అప్పటికి వయస్సు 21 ఏండ్లు. కొడుకు ఆట కొరకు అతని తండ్రి ముత్యాల రెడ్డి, ఇంకను ఎన్నో ఏండ్ల కొలువు మిగిలియుండగానే ఉద్యోగము విడిచిపెట్టిన సంగతియు, ఆ మీదట ఆ యిల్లు ఇబ్బందులు పడిన సంగతియు మా పిల్లలకు కంఠస్థమే.

అంతకు నెల దినముల క్రితము, నవంబరు 22న, పెర్త్ పట్టణములో ఆ కుఱ్ఱవాడు తన మొదటి టెస్టు ఆడెను. ఆ ఉదయము విరాట్ కోహ్లీ అతనికి జట్టు టోపీ అందించెను. ఆ దినమున మన జట్టంతయు 150 పరుగులకే కూలిపోగా, అందులో 41 ఈ క్రొత్తవానివి. అందరికంటె ఎక్కువ చేసినవాడు ఇతడే. మా బడ్డీలో ఆనాడే అతనికి పట్టాభిషేకము జరిగిపోయెను. “ఇంక పదేళ్లు మనకి బెంగ లేదు” అని ఒకడు తీర్మానించెను. ఒక్క దినపు ఆట చూచి పదేండ్ల లెక్క కట్టుట మనుష్యులకు ఎంత తేలిక!

ఇక మెల్‌బోర్న్ ఆటకు వచ్చెదను. ఆస్ట్రేలియావారు 474 పరుగులు చేసియుండిరి. మనవారు 191 పరుగులకు ఆరుగురిని పోగొట్టుకొన్నప్పుడు ఇతడు బ్యాటు పట్టెను. వాషింగ్టన్ సుందర్ అను మరియొక యౌవనస్థునితో కలిసి 127 పరుగులు జోడించెను. అతని లెక్క 99 దగ్గరకు వచ్చినది. నూటికి ఒక్కటే కొరత. అప్పుడు అవతలివైపున ఉన్న బుమ్రా ఔటయ్యెను. తొమ్మిదిమంది వెళ్లిపోయిరి, మిగిలినవాడు ఒక్కడే.

ఆట తెలియని తల్లుల కొరకు ఒక మాట చెప్పవలెను. బ్యాటు పట్టువారు ఎప్పుడును ఇద్దరుందురు, ఈ కొసన ఒకడు, ఆ కొసన ఒకడు. పదిమంది ఔటయితే మిగిలినవాడు ఎంత గొప్పవాడైనను ఆట ముగిసినట్టే; ఒంటరిగా ఎవడును ఆడలేడు. గనుక ఇప్పుడు ఈ కుఱ్ఱవాని నూరు పరుగులు అతని చేతిలో లేవు. చివరగా వచ్చిన సిరాజ్ చేతిలో ఉన్నవి. ఆ సిరాజ్ బంతి వేయువాడే గాని బ్యాటు పట్టుటలో నేర్పరి కాడు. ఎదుట బంతి వేయుచున్నవాడు ఆస్ట్రేలియా నాయకుడు కమిన్స్. ఇంకను మూడు బంతులు మిగిలియున్నవి.

బడ్డీలో ఊపిరి తీసిన చప్పుడు లేదు. పొయ్యిమీద టీ పొంగి కారిపోవుచున్నను బడ్డీవాడు చూడలేదు. మొదటి బంతి, సిరాజ్ నిలిచెను. రెండవది, నిలిచెను. మూడవది, నిలిచెను. ఆ మూడు బంతులలో ఒక్క పరుగైనను రాలేదు. తరువాతి ఓవరులో నితీశ్ బంతిని కొట్టగా అది హద్దు దాటెను. నూరు దాటినది! పిల్లలు ఎగిరి గంతులువేసిరి. ఈ వయస్సులో నేనును కేక వేసితినని ఒప్పుకొనుచున్నాను. అక్కడ ఆ కుఱ్ఱవాడు మోకరించి, బ్యాటును నేలమీద నిలిపి, దానిపై శిరస్త్రాణము తగిలించెను. జనములో నిలిచిన తండ్రి కన్నీరు కార్చుచుండెను.

మందిరమునకు నడుచుచుండగా నా మనస్సులో నిలిచినది ఆ నూరు కాదు, ఆ మూడు బంతులు. సిరాజ్ హైదరాబాదువాడు. ఆటో నడిపి తన్ను పెంచిన తండ్రి 2020 నవంబరులో మరణించినప్పుడు అతడు జట్టుతోకూడ ఆస్ట్రేలియాలో ఉండెను. కడచూపునకు రాక అక్కడనే నిలిచెను. ఆ డిసెంబరు 26న ఇదే మెల్‌బోర్న్ మైదానములో తన మొదటి టెస్టు ఆడెను. క్రొత్తవాని గుండె ఎట్లు కొట్టుకొనునో అతడెరుగును. నాలుగేండ్లకు అదే నేలమీద మరియొక క్రొత్తవాని కొరకు అవతలివైపున నిలిచెను.

వారము తిరుగకమునుపే సిడ్నీలో మరియొక ఆట ఆరంభమయ్యెను. నితీశ్ మొదటిమారు ఎదుర్కొన్న తొలి బంతికే వెనుదిరిగెను. రెండవమారు నాలుగు పరుగులే చేసెను. అదే బడ్డీలో, అదే నోటితో, పదేండ్ల లెక్క కట్టిన ఆ మనిషియే, “ఏదో ఒకపాలి కొట్టీసినాడు గానీ, ఆడి పనయిపోనాది” అని నవ్వెను. హోసన్నా అని కేకలువేసిన యెరూషలేము వారము దాటకమునుపే ఏమని కేకలువేసెనో మనకు తెలియును. నేను వానిని గద్దింపబోయితిని గాని నా నోరు రాలేదు. ఏలయనగా ఆ మాట నేనును ఒకప్పుడు అనియుంటిని.

కొన్ని సంవత్సరముల క్రితము మా సంఘములో ఒక యౌవనస్థుడుండెను. కూలి జనము బిడ్డ. పందొమ్మిదవ యేట క్రిస్మస్ దినమున మొదటి ప్రసంగము చేసెను. గొర్రెల కాపరులను గూర్చి చెప్పుచుండగా ముసలమ్మలు కొంగుతో కన్నులు తుడుచుకొనిరి. మేము శాలువ కప్పితిమి. విందులో ఒక పెద్ద లేచి, ఇతడు మన జిల్లాకు గొప్ప సువార్తికుడగునని ప్రకటించెను. “బాబూ, నీకిక వెనుదిరిగి చూడ పనిలేదు” అని నేనే అంటిని. ఒక్క ప్రసంగమునకు!

ఆ యేటి మంచి శుక్రవారమున సిలువమీది ఏడు మాటలలో నాలుగవది అతనికి అప్పగించితిమి. తండ్రి తన చేయి విడిచెనని ప్రభువు మొఱ్ఱపెట్టిన మాట అది. చుట్టుప్రక్కల పల్లెలనుండి జనము వచ్చి మందిరము నిండియుండెను. అతడు నాలుగు వాక్యములు పలికి ఆగిపోయెను. చదువవలసిన వచనము మరచెను, పుటలు త్రిప్పెను, వ్రేళ్లు వణకుచుండెను. వెనుక వరుసలో ఎవరో కిసుక్కున నవ్విరి. నేను ముందు వరుసలోనే కూర్చుంటిని. నా ఒడిలో బైబిలు మత్తయి 27వ అధ్యాయమునొద్ద తెరచియుండెను. అతనికి కావలసిన వచనము నా వ్రేలి క్రిందనే ఉండెను. లేచి అది బిగ్గరగా చదివియుంటే చాలియుండును. నేను గడియారము చూచుకొంటిని.

అతడు వచ్చి కూర్చుండెను. అయిదవ మాట చెప్పువారు లేచిరి. ఈస్టరునాడు అతడు తలుపు దగ్గర కూర్చుండెను. ఆ మీదట కనబడలేదు. పిమ్మట కట్టడపు పనికి చెన్నపట్నము పోయెనని వింటిమి. “పిలుపు లేనివాడు” అని పెద్దలు అనిరి. నేనును అంటిని.

సిడ్నీ ఆట ముగిసిన రాత్రి నేను అపొస్తలుల కార్యములు తెరచితిని. మార్కు అను మారుపేరుగల యోహాను పౌలు బర్నబాలతో కూడ బయలుదేరి, పంఫూలియలోని పెర్గేకు వచ్చినప్పుడు వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను (13:13). క్రొత్తవాడు మొదటి ప్రయాణములోనే జారిపోయెను. రెండవ ప్రయాణమునకు అతని వెంటబెట్టుకొని పోవుట తగదని పౌలు అనెను. బర్నబా అతని విడువలేదు. వారిద్దరికి తీవ్రమైన వివాదము కలిగెను. బర్నబా మార్కును తోడుకొని కుప్రకు ఓడయెక్కెను (15:37–39). ఆ పిమ్మట బర్నబా పేరు ఆ గ్రంథకథలో కనబడదు. అతడు చేసిన ప్రసంగములు మనకు చేరలేదు. అయితే సంవత్సరములు గడిచి చెరలోనున్న పౌలు, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, అతడు తన పరిచారమునకు ప్రయోజనకరమైనవాడని తిమోతికి వ్రాసెను (2 తిమోతి 4:11). మార్కు పేర ఒక సువార్తయే మన చేతిలో ఉన్నది. బర్నబా అవతలివైపున నిలిచిన మూడు బంతుల ఫలము అది.

మరునాడు ఆ యౌవనస్థుని తల్లి యొద్దకు పోయి ఫోను నంబరు అడిగితిని. ఆమె నన్ను పైనుండి క్రిందికి చూచి, ఏమియు అనక ఇచ్చెను. ఫోనులో నా గొంతు తడబడెను.

“బాబూ, ఆ దినమున నీకు కావలసిన వచనము నా వ్రేలి క్రిందనే ఉన్నది. నేను అందించలేదు. నన్ను క్షమించు” అంటిని.

చాలసేపు సిమెంటు కలుపు యంత్రపు చప్పుడు తప్ప మరేమియు వినబడలేదు. తరువాత అతడు మెల్లగా అనెను: “ఆ వచనం నాకిప్పుడు నోటికొచ్చు, మాస్టారూ.”

2025 ఏప్రిల్ 18, మంచి శుక్రవారమునకు అతడు సెలవుమీద వచ్చెను. ప్రసంగము చేయననెను, మేము బలవంతము చేయలేదు. నాలుగవ మాటకు ముందు వాక్యము మాత్రము చదివెదననెను. నేను లేచి అతని ప్రక్కన నిలిచితిని. నడుమ ఒకచోట అతని గొంతు ఆగెను. నేను మాట అందించలేదు, అక్కరలేకపోయెను. ప్రక్కన నిలిచితిని, అంతే. అతడు ముగింపువరకు చదివెను. సోమవారమున మరల పనికి వెళ్లిపోయెను. ఇప్పుడతడు గొప్ప సువార్తికుడయ్యెనని వ్రాయలేను. ఆదివారమున అక్కడి తెలుగు సంఘమునకు పోవుచున్నాడని మాత్రము అతని తల్లి చెప్పినది. నాకది చాలును.

ఆ ఆటగాని సంగతియు అట్లే. 2025 జులైలో ఇంగ్లండు దేశమున బర్మింగ్‌హాములో రెండుమార్లును ఒక్కొక్క పరుగుకే ఔటయ్యెను. తరువాతి ఆటలో లార్డ్స్ మైదానమున ఒకే ఓవరులో ఇద్దరిని పడగొట్టెను. ఇంతలో మోకాలి గాయముచేత జట్టును విడిచి రావలసివచ్చెను. ఒకనాడు ఎత్తు, ఒకనాడు పల్లము. మా ఊరి పేరులోనే తాబేలున్నది. అది ఎట్లు నడుచునో మేము దినదినము చూచుచున్నాము. అయినను మా పిల్లలు మాత్రము ఒక్క దినమున కుందేలువలె పరుగెత్తవలెనని కోరుచున్నాము.

ప్రియ సహోదరీ సహోదరులారా, మీ సంఘములోను ఈ యేడు ఎవరో ఒక పిల్లవాడు మొదటి ప్రసంగము చేయును. ఒక చిన్నది మొదటిసారి పాట ఎత్తును. సంతోషించుడి, అది తప్పు కాదు. అయితే శాలువ కప్పిన చేతితోనే రెండవ దినమున చేయూత నియ్యుడి. శ్రుతి తప్పినప్పుడు మీరును గొంతు కలుపుడి. మాట మరచినప్పుడు వచనము అందించుడి. నవ్వువారుంటే వారివైపు తిరిగి చూడుడి. సంఘమందు ఎల్లవారికి ప్రసంగ వరము ఉండకపోవచ్చును. మూడు బంతులసేపు నిలుచు బలము మాత్రము ముసలివారికిని కలదు.

సీమోను పడిపోవునని ఎరిగియే మన ప్రభువు అతని నమ్మిక తప్పిపోకుండునట్లు ముందుగానే అతని కొరకు ప్రార్థించెను (లూకా 22:32). కోడి కూసినప్పుడు ఆయన గడియారము చూచుకొనలేదు. తిరిగి పేతురువైపు చూచెను. అందరు విడిచిపోయిన వేళ మనకు అవతలివైపున నిలిచియున్న ఆ ప్రభువే, మన పిల్లలకు అవతలివైపున నిలుచు మనస్సు మనకు దయచేయునుగాక. ఆమేన్.