పీటు పొగ

బాలురకు మద్యనిషేధమును బోధించు మేము గ్లాస్గోలో మిత్రుల యింట విస్కీ రుచిచూచితిమనిన చదువరులు నవ్వుదురేమో, నవ్వుదురు గాక. అది గ్రెయిన్ విస్కీ చేర్పక, పెక్కు బట్టీల మాల్టు విస్కీలనే కలిపి చేసినది. 2009 నాటి నిబంధనలు దీనికి 'బ్లెండెడ్ మాల్టు' అని పేరిడినవి. బురదనేలలో నాచు మొదలగునవి వేలయేండ్లు చివికి యేర్పడిన పీటు అను నల్లమన్నును కాల్చి, మొలకెత్తిన బార్లీని ఆ పొగతో నారబెట్టుదురు. మూడేండ్లకు తక్కువగాకుండ ఓకుపీపాలలో నున్నను ఆ పొగ విడువదు. మిత్రులు తారు వాసన యున్నదనిరి, సముద్రపుటుప్పున్నదనిరి. మాకు మాత్రము, సారాయంగడినుండి నాయన వచ్చువరకు అన్నము చల్లారకుండ పిడకల పొయ్యి నూదుచు కన్నులు తుడుచుకొను అమ్మ కనబడినది. రెండవ గుక్క దిగలేదు. గ్లాసును మాత్రము చాలసేపు ముక్కుకడనే యుంచుకొంటిమి.