మా దూదికి సూదిమందు

ప్రత్తియు మిరపయు పండు మా గుంటూరు సీమలో పూర్వము పిల్లి లేని యిల్లు అరుదు. ప్రత్తిగింజల బస్తాలున్న చోటికి ఎలుకలు చేరక మానవు; ఎలుకలు చేరిన చోట పిల్లి యుండక తప్పదు. అది తన యాహారమును తానే వేటాడుకొనుచు, ఇల్లాలు పెట్టిన పాలన్నమును కొసరుగా తినుచుండెడిది. నేడు ప్రత్తి జిన్నింగు మిల్లులకును, మిరప శీతల గిడ్డంగులకును తరలిపోవుచున్నవి. పట్టణములలోని పిల్లులకు వేట లేదు. పంఖా క్రింది నిద్రయు, పూటపూటకు పెరుగన్నమును మిగిలినవి. ఒడలు బలిసి కదలిక తగ్గిన పిల్లులకు, అందును బీజములు తీయించిన మగపిల్లులకు, నడివయసు దాటిన పిదప మధుమేహము వచ్చుట కలదు. మా యింట నది వచ్చినది. దానితో నొక సంవత్సరము వేగి తెలిసికొనిన సంగతులను సోదరీమణులకు మనవి చేయదలచితిమి.

మా పిల్లి పేరు దూది. పేరునకు తగినట్లు తెల్లనిది, తొమ్మిదేండ్ల వయసుది. నిరుటి వేసవిలో అది మాటిమాటికి నీళ్లతొట్టి కడకు పోవుచుండెను. గుంటూరి యెండలలో నది యెవరికిని వింతగా తోచదు. కాని తొలకరి జల్లులు పడి నేల చల్లబడినను దాని దప్పి తీరలేదు. ఇసుకపళ్లెము దినమునకు రెండుసారులు మార్చినను ముద్దయగుచుండెను. ఆకలి తగ్గలేదు సరికదా, పెరిగినది. ఒడలు మాత్రము చిక్కి, ఆరు కిలోలకు పైబడినది నాలుగున్నరకు దిగెను. వెనుకకాళ్ల మడమలు నేలకానించి అది నడచుట చూచి మా యత్తగారు, “అమ్మాయీ, నాకు మొదట వచ్చిన లక్షణములే దీనికిని కనబడుచున్నవి. చక్కెర చూపింపుము” అనిరి. ఆమె యిరువదియేండ్లుగా ఆ వ్యాధితో మెలగుచున్నవారు.

పశువైద్యులు పరీక్షింపగా రక్తములో చక్కెర 412 ఉండెను. ఆరోగ్యము గల పిల్లికి అది సుమారు 80 నుండి 120 వరకు నుండవలెను. అయితే పిల్లి భయపడినంత మాత్రముననే చక్కెర పెరుగును గాన, వైద్యశాలలో తీసిన యొక్క అంకెను నమ్మరాదట. అందుచేత మూత్రమును చూచి, గడచిన కొన్ని దినముల సగటును తెలుపు ఫ్రక్టోసమీన్ పరీక్షయు చేయించి, నిశ్చయముగా మధుమేహమే యని చెప్పిరి. దినమునకు రెండుమారులు, పండ్రెండేసి గంటల యెడముతో, ఇన్సులిన్ సూది వేయవలయును.

ఇంట పెద్ద చర్చ జరిగినది. ప్రొద్దున ఏడింటికి, రాత్రి యేడింటికి ఎవరో యొకరు ఇంట నుండి తీరవలెను. చంకలో పిల్లిని పెట్టుకొని పెండ్లికి పోయినట్లను సామెత మాకు నిజమగునని మావారు నవ్విరి. ఆ నవ్వులో విసుగును లేకపోలేదు. పొరుగింటి పిన్నిగారు, “పిల్లికి సూదులేమిటే తల్లీ! కాకరకాయ రసము పోయరాదా?” అనిరి. చివరకు అత్తగారే తీర్పు చెప్పిరి: “నాకును రోజు రెండు సూదులు. నన్ను మీరు బరువనుకొనిరా? అది నోరులేనిది గనుక అడుగలేదు, అంతియే.” పిమ్మట నెవరును మారు పలుకలేదు.

మొదట మార్చవలసినది ఆహారము. పిల్లి పుట్టుకచేతనే మాంసాహారి. దాని దేహము మాంసమునుండి శక్తిని పొందునట్లు ఏర్పడినది. అన్నములోని పిండిపదార్థమును చక్కగా భరింపలేదు. కావున పాలన్నము, పెరుగన్నము, బిస్కత్తులు మానిపించి, పిండి తక్కువగా నుండు డబ్బా తడి యాహారమును ముఖ్యము చేసి, ఉప్పు లేక ఉడికించిన కోడిమాంసమును కొంచెముగా చేర్చితిమి. ఉడికించిన మాంసమొక్కటే చాలదు. అందు సున్నపు ధాతువును, పిల్లికి అత్యవసరమైన టారిన్ అను పదార్థమును కొరవడును. మనము తిను కూరలోని ముక్కలసలే పనికిరావు. కారము మాట యటుండగా, ఉల్లి వెల్లుల్లి పిల్లి రక్తకణములను చెరచును. మనము వ్రతమునకు చేసినట్లు దానిచే ఉపవాసము చేయించుటయు ప్రమాదమే. బలిసిన పిల్లి కొన్ని దినములు తినకున్నచో కాలేయమున క్రొవ్వు చేరి ప్రాణము మీదికి వచ్చును. తిండి మార్చునప్పుడు వైద్యునికి తెలిపియే మార్చవలెను. పిండి తగ్గిన కొలది చక్కెరయు తగ్గును. అప్పుడు పాత మోతాదు ఎక్కువ కావచ్చును.

ఇక మందు సంగతి. ఒకే యింట ఇద్దరు రోగులున్నచో పెద్ద జాగ్రత్త యొకటి కలదు. అత్తగారి మందు మిల్లీలీటరునకు 40 యూనిట్లది. దాని సిరంజికి ఎఱ్ఱమూత. దూదికి వ్రాసిన గ్లార్జిన్ మిల్లీలీటరునకు 100 యూనిట్లది. దాని సిరంజికి నారింజమూత. ఈ 100 యూనిట్ల మందును ఎఱ్ఱమూత సిరంజిలో రెండవ గీత వరకు లాగినచో, నిజముగా పోవునది అయిదు యూనిట్లు. ఇంత చిన్న ప్రాణికి అది చాలు, ప్రమాదము తెచ్చుటకు. అందుచే రెంటిని వేఱువేఱు డబ్బాలలో పెట్టి, పేళ్లు వ్రాసి యంటించితిమి. సీసాను ఫ్రిజ్‌లో, మంచుకట్టు అరకు దూరముగా నుంచవలెను. గడ్డకట్టిన మందు పనికిరాదు. రోహిణికార్తెలో కరెంటు పోయినచో, తడి తగులని డబ్బాలో సీసాను పెట్టి, ఆ డబ్బాను నీట తడిపిన మట్టికుండలో నుంచితిమి.

సూది వేయుట మేమనుకొనినంత కష్టము కాలేదు. దూది తినుచుండగా ప్రక్కచర్మమును మెల్లగా పైకెత్తి గ్రుచ్చినచో, అది తలయైన త్రిప్పదు. చెవి యంచున పొడిచి తీసిన చిన్న రక్తపుబొట్టుతో ఇంటనే చక్కెర చూచుట నేర్చుకొంటిమి. పాలలెక్క వ్రాయు పుస్తకములోనే వేళ, తిండి, యూనిట్లు, చక్కెర వరుసగా వ్రాయుచుంటిమి. ఒక యూనిటుతో మొదలిడి, ఆ లెక్కలు చూచియే వైద్యులు రెండునకు పెంచిరి.

మూడవ నెలలో నొక రాత్రి, సూది వేసిన నాలుగు గంటలకు, దూది మంచము క్రిందనుండి తూలుచు వచ్చెను. పిలిచినచో చూడదు, కాళ్లు నిలువవు. చక్కెర చూడగా 48. అత్తగారు తేనెసీసా తెచ్చిరి. నోటిలో పోసినచో ఊపిరితిత్తులకు పోవునని, వ్రేలితో చిగుళ్లకు మాత్రమే రాచితిమి. ఆ పావుగంట మాకు తెల్లవారనంత దీర్ఘముగా తోచెను. మరల చూడగా 71. అప్పుడు గిన్నె ముందుంచగా తినసాగెను. వైద్యులు ఫోనులోనే, ప్రొద్దుటి సూది మానుమనియు, వెంటనే తీసికొని రమ్మనియు చెప్పిరి. చక్కెర అదుపునకు వచ్చిన కొలది అలసిన క్లోమము కొంత తేరుకొనునట. నిన్న సరిపోయిన మోతాదు నేడు మిక్కిలి యగును. ఆ రాత్రి మాకు బోధపడిన దిదియే: చక్కెర ఒకపూట హెచ్చినచో సవరించుకొనుటకు వ్యవధి యుండును, మిక్కిలి తగ్గినచో ఆ వ్యవధి నిమిషములలోనే తీరిపోవును. పిల్లి తిననిచో, వాంతి చేసికొన్నచో, వైద్యు నడుగక పూర్తి మోతాదు వేయరాదు.

ఈ మందు 1921లో కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగ్, బెస్ట్ అనువారి శ్రమచే వెలువడినది. మొదట కుక్కలపై పరీక్షింపబడి, 1922 జనవరిలో ఒక బాలునకు ఈయబడెను. జంతువుల మూలమున మనకు దొరకిన ప్రాణభిక్ష, నూరేండ్ల పిదప మా యింట నొక జంతువునకు దక్కినదని మేము తృప్తి పొందుచున్నాము.

ఇప్పుడు దూదికి పూటకు అర యూనిటు. బరువు అయిదు కిలోలు దాటినది. మరల గోడ యెక్కుచున్నది. త్వరగా చికిత్స మొదలిడిన పిల్లులలో కొన్నింటికి ఇన్సులిన్ అక్కరయే తీరిపోవునట. దూదికి తీరునో తీరదో చెప్పలేము. ఏడు కొట్టగానే మేము మాత్రము లేచెదము. సోదరీమణులారా, మీ యింటి పిల్లి వానకాలమునను నీళ్లతొట్టిని విడువకున్నచో, తినుచునే చిక్కిపోవుచున్నచో, కాకరకాయలు తరుగుచు కూర్చుండక, ఆ దినముననే పరీక్ష చేయింపుడు.