తక్కువ వేగపు గేరు

వాన వెలిసిన పిమ్మట నల్లరేగడిలో పదునుండు దినములు బహు కొద్ది. ఆ కొద్ది దినములలో ప్రత్తి సాళ్ల నడుమ గుంటక తిరుగనియెడల గడ్డి మొక్కను మించిపోవును. నేల బిగిసిన తరువాత కూలివారిని పెట్టి తీయించవలసినదే. మా ప్రత్తిపాడు ప్రాంతమున ఎడ్లు అరుదైన యీ కాలములో మూడున్నర అడుగుల సాళ్లలో ఆ పనిని చిన్న ట్రాక్టరు చేయుచున్నది. అదియు తక్కువ వేగపు గేరులోనే సుమా! మనిషి నడకను మించి పోయినయెడల మట్టి యెగిరి లేతమొక్కలను కప్పివేయును.

మా సంఘములోని యొక కౌలురైతు యొద్ద ఇట్టి పాత బండి యున్నది. పోయిన వర్షాకాలమున గుంటక నేలలో దిగగానే దాని తక్కువ గేరు తనంతట తానే జారిపోవ మొదలుపెట్టెను. తక్కిన గేర్లన్నియు చక్కగానే యుండెను. ఒక దుకాణమువారు గేరుబాక్సు మొత్తము మార్చవలెననిరి. కుమారుడు పాత యినుమునకు అమ్మివేయుదమనెను. ఆయన నన్ను పిలిచినది ప్రార్థనకే గాని, నేను మేస్త్రి ప్రక్కన పీట వేసికొని సాయంకాలము వరకు చూచుచు కూర్చుంటిని.

మేస్త్రి మొదట నూనె దింపెను. అది పాలవలె తెల్లబారినయెడల నీరు చేరినదని గురుతు. ఇది నల్లగానే యుండెను. అయస్కాంతము ముంచగా సన్నని ఇనుపరజను అంటుకొనెను. మీటను దాని స్థానములో పట్టియుంచు చిన్న గోళీ వెనుకనున్న స్ప్రింగు అణగి పొట్టిదైనది. గేరును త్రోయు ఫోర్కు ఒక ప్రక్క అరిగి, పళ్లను సగమువరకే కలుపుచుండెను. పళ్ల కొనలు గుండ్రబడియుండెను. అట్టి పళ్లు సగమే కలిసినయెడల బరువు పడగానే ప్రక్కకు జారును.

ఈ గేరే ఏల చెడెను? 15 పళ్ల చక్రము 45 పళ్లదానిని త్రిప్పునపుడు వేగము మూడవవంతగును, బలము రమారమి మూడింతలగును. ఆ భారమువలననే అరిగినదని నేననుకొంటిని. మేస్త్రి నవ్వి, “లాగి లాగి అరిగింది కాదండీ అయ్యగారూ, కొట్టి కొట్టి అరిగింది” అనెను. సాలు చివర మళ్లునపుడు క్లచ్చి పూర్తిగా త్రొక్కక, చక్రములు తిరుగుచుండగానే మీట వేసినయెడల కొనలు ఒకదానినొకటి కొట్టుకొనును. రైతు మారుమాటాడలేదు. నేనైతే ఆయనను తప్పుపట్టజాలను. మబ్బు కమ్ముకొని వచ్చుచుండ సాలు చివర నిదానించువారెవరు?

స్ప్రింగు, గోళీ క్రొత్తవి వేసిరి. ఫోర్కు అరిగినచోట వెల్డింగు పోసి ఆకురాయితో సరిచేసిరి. క్రొత్త గేరు ఒక్కటి చాలునని కుమారుడనగా మేస్త్రి యొప్పుకొనలేదు. అరిగినదానితో క్రొత్తది కలిసినయెడల రెండును త్వరలో చెడును, జతగానే మార్చవలెను. విజయవాడ ఆటోనగరుకు పోయి, విప్పివేసిన మరియొక బండి జతను వెదకి తెచ్చుటకు రెండు దినములు పట్టెను. పిమ్మట 90 నంబరు గేరు నూనె పోసి బండిని పొలమునకు తోలిరి.

అప్పటికి పదును సగము పోయెను. మెరక సాళ్లను కూలివారిచేతనే తీయించిరి. పల్లపు సాళ్లలో గేరు నిలిచెను. ప్రతి సాలు చివరను రైతు బండిని పూర్తిగా ఆపి, క్లచ్చి అడుగంట త్రొక్కి, అప్పుడు మీట వేయుచుండెను. గట్టుమీద కుమారుడు ఆకాశము వంక చూచి, “ఇట్టా అయితే ఎప్పటికి తెములుద్ది నాన్నా?” అని కేకవేసెను.