రియాయత్‌కి గడువుండాలి

కొత్తకోట వెళ్లినప్పుడు మా ఖాలా అడిగింది: "బేటా, అఖ్బార్‌లో పనిచేస్తావు కదా, ఉర్దూ మీడియం సార్ల పోస్టులు ప్రతిసారీ ఎందుకు మిగిలిపోతాయి?"

జవాబు చేదుగా ఉంటుంది. డీఎస్సీ రోస్టర్ ప్రకారం కొన్ని ఉర్దూ పోస్టులు ఎస్సీ, ఎస్టీలకి రిజర్వ్ అవుతాయి. ఆ వర్గాల్లో ఉర్దూలో చదివినవాళ్లు దాదాపు దొరకరు. పోస్టు వాళ్లకీ అందదు, మన పిల్లలకి ఉస్తాదూ రాడు.

ఖాళీలున్న బడుల్లో ఒకప్పుడు విద్యా వాలంటీర్లు చెప్పేవారు. నెలకి 12 వేలు, ఆ ఏడాదికే నౌకరీ. 2020లో కరోనాకి బడులు మూతపడ్డాక వాళ్లని మళ్లీ పిలవలేదు.

తాత్కాలిక ఇజాజత్ తప్పని నేననను. బీఎడ్ లేని మహల్లా భాయ్ ఒకరు నేర్పిన హిసాబ్‌తోనే నేను పది గట్టెక్కాను. కానీ రియాయత్‌కి షరతుండాలి. విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్‌లో ఆ దారి ఉంది: అర్హులైన టీచర్లు చాలనప్పుడు కేంద్రం అర్హతలు సడలించొచ్చు, ఐదేళ్లకి మించకుండా.

ఉర్దూలో డిగ్రీ చేసిన మన అమ్మాయిల్ని ఇప్పుడే తీసుకుని, జీతమిస్తూ ఆ గడువులోపు బీఎడ్, టెట్ పూర్తి చేయించాలి. మిగిలిన రిజర్వ్ పోస్టుల్ని ఎస్సీ, ఎస్టీల హక్ పోకుండా తెలుగు మీడియానికి మార్చి, అన్నే ఓపెన్ పోస్టులు ఉర్దూకి ఇవ్వాలి. రెండూ కలిసి జరగాలి. లేకపోతే మజ్బూరీయే ఖాయం అవుతుంది.

ఆరో క్లాసు పిల్లకి ఐదేళ్ల ఇంతెజార్ అంటే, పదో క్లాసు ఇమ్తెహాన్ కూడా అయిపోయినట్టే.