వెంకటమ్మనహళ్లి తొట్టి

పావగడలో శనీశ్వరుని గుడి దాటి వెంకటమ్మనహళ్లి చేరగానే మా పిల్లలకు తాతకన్న ముందు కావలసినది తోటలోని రాతితొట్టి. బోరునీరు పైరుకు పోయేముందు అందులో నిలుస్తుంది; నేను యీత నేర్చినదీ అందులోనే. ఈ వేసవిలో చూస్తే నీరంతా గోరింటాకు ముద్ద!

పారబోద్దామన్నాను. “మళ్లీ నింపే వాన నువ్వు తెస్తావా?” అన్నాడు మా నాయన. ఈ తాలూకాలో ఆ మాటకు జవాబు లేదు.

పటిక కలిపితే మర్నాటికి నీరు తేరింది, మూడోనాటికి మళ్లీ పచ్చబడింది. పటిక మడ్డిని దించుతుందే గాని పాచిని చంపదు. తిరుమణి వద్ద 2050 మెగావాట్ల సోలారు పార్కును నడిపే యెండే మా పాచినీ పెంచుతున్నది! పట్టపగలు బ్లీచింగు పౌడరు వేయడం నా రెండో తప్పు. యెండలో క్లోరిను నిలవదు. (ఫైళ్లు చూసుకునే గుమాస్తాకు యిదెవరు చెబుతారు?)

తర్వాత గోడలు కొబ్బరిపీచుతో తోమి, పొద్దుగూకాక పౌడరును బక్కెట్టులో కలిపి, పైన తేరిన నీటిని మాత్రం తొట్టిలో పోశాను. అలా మూడు రాత్రులు. చచ్చిన పాచిని ఈసారి పటిక దించింది. అడుగు మడ్డిని గొట్టంతో లాగేశాము. ఘాటు పూర్తిగా పోయేదాకా పిల్లలను దిగనివ్వలేదు.

ఆపైన నాయన, 2011 లో చెల్లకుండా పోయిన పావలాబిళ్ల నొకటి తొట్టిలో వేశాడు. అడుగున తళుక్కుమన్నది. పిల్లలు దానికోసం దూకారు.