డిస్నీ వరల్డ్‌లో మూడు రోజులు

యాత్రలు మనకు కొత్త కావు. కాశీ, రామేశ్వరం, బదరీనాథ్ మన తాత ముత్తాతలు ఎన్నో శ్రమలకోర్చి సేవించిన క్షేత్రాలు. ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులమైన మనకు ఎల్.టి.సి. సౌకర్యం కలిగిన తరువాత ఊటీ, కాశ్మీరు, కన్యాకుమారి కూడా ఆ జాబితాలో చేరాయి. అయితే దైవదర్శనం గాని, చారిత్రక ప్రాశస్త్యం గాని లేని ఒక చోటికి, కేవలం పిల్లలూ పెద్దలూ కలసి ఆడుకోవడానికే లక్షలాది కుటుంబాలు ఏడాది పొడవునా తరలి వెళ్ళడం నాబోటి వానికి మొదట వింతగానే తోచింది. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో నగర సమీపాన గల వాల్ట్ డిస్నీ వరల్డ్ అటువంటి చోటు. 2024 మార్చిలో మా కుటుంబంతో అక్కడ మూడు రోజులు గడిపే అవకాశం లభించింది. విద్యుత్ కేంద్రంలోని నిర్వహణ విభాగంలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన వాణ్ణి కనుక, అక్కడి వినోదం కంటె ఆ వినోదం వెనుకనున్న ఏర్పాట్లే నన్ను ఎక్కువగా ఆకర్షించాయి.

ప్రయాణానికి ముందు

మా కుమారుడు అట్లాంటా నగరంలో ఉంటాడు. అక్కడి నుండి ఓర్లాండోకు కారులో సుమారు ఏడు గంటల ప్రయాణం. టిక్కెట్లు కొనే సమయంలో మా శ్రీమతి ససేమిరా రానన్నది. ఆమెకు కొన్నేళ్ళుగా మోకాళ్ళ నొప్పులు. "నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. నా మూలంగా పిల్లల సరదా ఎందుకు పాడుకావాలి? మీరంతా వెళ్ళి రండి, నేను ఇంటి పట్టున ఉంటాను" అన్నది. "మీరు రాకపోతే మేమూ మానుకుంటాం అత్తయ్యా" అని కోడలు పట్టుబట్టింది. అక్కడ చక్రాల కుర్చీలు అద్దెకు దొరుకుతాయని కుమారుడు చెప్పేసరికి ఆమె మరింత ముడుచుకుపోయింది. మన వైపు చక్రాల కుర్చీ అంటే ఆసుపత్రే గుర్తుకు వస్తుంది. చివరకు, "నానమ్మ రాకపోతే నన్నెవరు ఎత్తుకుంటారు?" అని ఐదేళ్ళ మనవరాలు వేసిన ప్రశ్నకు ఆమె వద్ద జవాబు లేకపోయింది. తెల్లవారుజామునే పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలలో సర్ది, తానే ముందుగా కారెక్కింది.

అన్నగారు నిలిపిన పేరు

డిస్నీ వరల్డ్ అంటే ఒక తోట కాదు. సుమారు 100 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించిన ప్రాంగణం. అందులో నాలుగు పెద్ద వినోద ఉద్యానాలు ఉన్నాయి. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్, 1982లో ఎప్‌కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలిచే ఉద్యానం, 1998లో యానిమల్ కింగ్‌డమ్ ప్రారంభమయ్యాయి. ఇవి గాక రెండు జలక్రీడా స్థలాలు, అనేక హోటళ్ళు ఉన్నాయి.

చిత్తడి నేలలతో నిండిన ఈ ప్రాంతాన్ని వాల్ట్ డిస్నీ 1960 దశకంలో ఎంపిక చేశాడు. తన పేరు బయటపడితే ధరలు ఆకాశాన్నంటుతాయని వేరు వేరు కంపెనీల పేర్లతో భూమిని కొనిపించాడు. 1965 నవంబరులో ఈ పథకాన్ని లోకానికి ప్రకటించాడు. కాని 1966 డిసెంబరులోనే ఆయన మరణించాడు. అప్పటికి 73 ఏళ్ళ వయస్సులో ఉన్న ఆయన అన్న రాయ్ డిస్నీ తన పదవీ విరమణను వాయిదా వేసుకుని నిర్మాణభారాన్ని భుజాన వేసుకున్నాడు. "డిస్నీ వరల్డ్" అని మాత్రమే అంటే చాలదనీ, తమ్ముని పూర్తి పేరు ఉండాలనీ పట్టుబట్టి "వాల్ట్ డిస్నీ వరల్డ్" అని పెట్టించాడు. 1971 అక్టోబరు 1న ద్వారాలు తెరిచారు. మూడు నెలలైనా తిరగకముందే, డిసెంబరు 20న రాయ్ కన్నుమూశాడు. అన్నదమ్ముల అనుబంధాన్ని ఆదర్శంగా చెప్పుకునే మనకు ఈ గాథ పరాయిదిగా అనిపించదు.

మొదటి రోజు: మ్యాజిక్ కింగ్‌డమ్

వాహనాలను దూరాన నిలిపి, విశాలమైన సరస్సుకు ఆవలనున్న ఉద్యానానికి ఓడలో గాని, మోనోరైలులో గాని చేరాలి. ద్వారం వద్ద చక్రాల కుర్చీ తెచ్చారు. మా శ్రీమతి కొంగు సవరించుకుని, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, బిడియంగా కూర్చున్నది. చూసేవారెవరూ లేరు. ఆమె వంటి వృద్ధులు, కాలికి కట్టు కట్టుకున్న యువకులు, నడవలేని చిన్నారులు పదుల సంఖ్యలో అటువంటి కుర్చీలలోనే సాగిపోతున్నారు. దారిలో ఎక్కడా కుర్చీని ఎత్తవలసిన అవసరం కలగలేదు. మెట్లున్న చోటల్లా వాలుదారి ఉంది. కొద్దిసేపటికే మనవరాలు నానమ్మ ఒడిలో చేరింది. రాజకుమార్తె రథమెక్కినట్లు ఇద్దరూ నవ్వుకుంటూ 189 అడుగుల ఎత్తైన సిండ్రెల్లా కోట వైపు సాగారు.

"ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్" అనే పడవ విహారం ఇక్కడి పాత ఆకర్షణలలో ఒకటి. 1964లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో, యునిసెఫ్ సంస్థ కోసం మొదట దీనిని రూపొందించారు. నానా దేశాల పిల్లల బొమ్మలు తమ తమ దుస్తులలో ఒకే పాటను పాడుతూ ఉంటాయి. చక్రాల కుర్చీతో సహా ఎక్కగల ప్రత్యేకమైన పడవ ఇక్కడ ఉంది. తాజ్‌మహల్ కనిపించగానే పిల్లలు కేరింతలు కొట్టారు. చివరి ఘట్టంలో బొమ్మల నడుమ ఒక బొమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. దానిని 2023లోనే చేర్చారట. మనవరాలు వేలు చూపి, "నానమ్మా, అదుగో నువ్వు!" అన్నది. మా శ్రీమతి ఏమీ అనలేదు. ఆ తరువాత మూడు రోజులలో ఆ కుర్చీని గురించి ఆమె నోట ఒక్క నొచ్చుకోలు మాట కూడా వినలేదు.

నేల క్రింది నగరం

నిర్వహణ విభాగపు మనిషిగా నన్ను ముగ్ధుణ్ణి చేసినది సందర్శకుల కంటికి కనబడని అంశం. దీనిని చదివి తెలుసుకున్నాను. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మనం నడిచేది నిజమైన నేల కాదు, రెండవ అంతస్తు! భూగర్భజలం పైపైనే ఉండే ప్రాంతం కనుక సొరంగాలు త్రవ్వడం కష్టం. అందుచేత ముందుగా నేలమట్టాన నడవాలను కట్టి, సరస్సు త్రవ్వగా వచ్చిన మట్టితో కప్పి, ఆ పైన ఉద్యానాన్ని నిర్మించారు. సిబ్బంది రాకపోకలు, సరుకుల రవాణా, తీగలు, గొట్టాలు అన్నీ ఆ నడవాలలోనే. చెత్తను సైతం గాలి పీల్పుతో గొట్టాల గుండా దూరాన గల కేంద్రానికి చేర్చే స్వీడన్ పద్ధతిని నెలకొల్పారు. మన థర్మల్ కేంద్రాలలో బూడిదను గాలి సాయంతో గొట్టాల గుండా తరలించే విధానం తెలిసిన మిత్రులకు ఇందులోని సూత్రం వెంటనే బోధపడుతుంది.

ప్రధాన వీథిలోని మేడల పై అంతస్తు కిటికీల మీద దుకాణాల పేర్ల వలె కొన్ని పేర్లు వ్రాసి ఉంటాయి. అవి వ్యాపారుల పేర్లు కావు. ఈ ఉద్యానాన్ని కట్టిన, నడిపిన వారి పేర్లు. పనిచేసిన వారిని శిలాఫలకం మీద గాక, నిత్యం నలుగురూ నడిచే వీథిలో స్మరించుకోవడం నాకెంతో నచ్చింది.

రెండవ రోజు: ఎప్‌కాట్

ఎప్‌కాట్ ముఖద్వారం వద్ద 180 అడుగుల ఎత్తున బ్రహ్మాండమైన గోళం నిలిచి ఉంటుంది. దానిపై పడిన వాన నీరు క్రింద నిలిచిన వారిపై చిలకకుండా, పలకల సందుల గుండా లోపలికి జారి, కాలువల ద్వారా సరస్సులో కలుస్తుంది. ఆ సరస్సు చుట్టూ పదకొండు దేశాల మండపాలున్నాయి. మెక్సికో, చైనా, జపాన్, మొరాకో వంటి దేశాల నిర్మాణశైలులు కన్నులపండువుగా ఉన్నాయి. మన దేశానికి మండపం లేకపోవడం వెలితిగా తోచింది. బయటి ఆహారాన్ని లోనికి అనుమతిస్తారు కనుక, జపాన్ మండపం ఎదుట బల్ల మీద కూర్చుని పులిహోర తిని ఆ వెలితిని కొంత పూరించాము.

మూడవ రోజు: ఆనందపుర్

యానిమల్ కింగ్‌డమ్‌లోని ఆసియా విభాగంలో "ఆనందపుర్" అనే కల్పిత రాజ్యం ఉంది. పేరు వినగానే మన అనంతపురం తలపునకు వచ్చింది. శిథిలమైన రాజప్రాసాదం, గోడల మీద వెలిసిన రంగులు, పెచ్చులూడిన గచ్చు, వాటి మధ్య పచార్లు చేసే పెద్దపులులు. ఆ పగుళ్ళు, మరకలు అన్నీ పనిగట్టుకుని కల్పించినవే. "మన వాళ్ళయితే ఈపాటికి సున్నం కొట్టించి ఉందురు" అని మా శ్రీమతి చమత్కరించింది. పాతదనాన్ని సైతం చెడిపోకుండా కాపాడవలసి రావడం నిర్వహణ విభాగానికి విచిత్రమైన పరీక్షే!

అక్కడే ఎవరెస్టు శిఖరం పేరిట 2006లో ప్రారంభించిన రైలు క్రీడ ఉంది. దానిని ఎక్కడానికి కనీసం 44 అంగుళాల ఎత్తు ఉండాలి. మా మనవరాలు కొలత కర్రకు ఒక అంగుళం తక్కువయింది. "ఒక్క అంగుళమే కదా" అని మా కుమారుడు బ్రతిమాలాడు. అక్కడి ఉద్యోగిని చిరునవ్వుతోనే, కాని నిశ్చయంగా కుదరదన్నది. ఏడుపు లంకించుకున్న పిల్ల ముందు మోకాళ్ళపై కూర్చుని, "ఈ కొండ ఎక్కడికీ పోదమ్మా, నువ్వు పెరిగి వచ్చేదాకా ఇక్కడే ఉంటుంది" అని అనునయించింది. పిల్ల దగ్గర ఒకరు ఉండగా మరొకరు ఎక్కి, ఆ తరువాత మళ్ళీ వరుసలో నిలబడకుండానే రెండవవారు ఎక్కే వెసులుబాటు ఉందని తెలిపింది. ఆ సంస్థ తన సిబ్బందికి నేర్పే సూత్రాలలో మొదటిది భద్రత. మర్యాద, ప్రదర్శన, సామర్థ్యం ఆ తరువాతే. "ఒక్క నిమిషం పనే కదా" అంటూ హెల్మెట్ లేకుండా బాయిలర్ వైపు నడిచే వారిని ఆపవలసిన బాధ్యత గల మనకు ఆ అంగుళం విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

వెల ఎంత?

ఇంతటి ఆనందం చౌకగా లభించదు. 1971లో ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. నేడు ఒక రోజు టిక్కెట్టు వంద డాలర్లు దాటింది. డాలరును రూపాయలలోకి మార్చి చూసుకునే అలవాటు గల వారు ఆ లెక్క మానుకోవడమే మనశ్శాంతికి మేలు. రుసుము చెల్లించేవారి సంగతి అటుంచితే, నవ్వులు పంచేవారి జీతం మాటేమిటి? 2020లో కరోనా కారణంగా ఈ ఉద్యానాలు మార్చి నుండి జులై వరకు మూతపడ్డాయి. ఆ ఏడాది సంస్థ వేల సంఖ్యలో ఉద్యోగాలు తొలగించింది. 2023 మార్చిలో కార్మిక సంఘాలతో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఆ సంవత్సరాంతానికి కనీస ప్రారంభ వేతనం గంటకు 18 డాలర్లకు చేరింది. అంటే కొత్తగా చేరిన కార్మికుని ఒక దినపు సంపాదన దాదాపుగా ఒక మనిషి ప్రవేశానికి సరిపోతుంది. వేతన ఒప్పందాల కోసం నిరీక్షించడం ఎరిగిన మనకు, ఆ చిరునవ్వుల వెనుకనున్న సంసారాలు కూడా కనిపించక మానవు.

విద్యుత్ కేంద్రం నడుస్తున్నంత కాలం దీపం వెలిగించుకునే వారికి మనం గుర్తుకు రాము. గుర్తుకు రాకపోవడమే మన పని సవ్యంగా సాగుతున్నదనడానికి నిదర్శనం. డిస్నీ వరల్డ్‌లోనూ అంతే. మా శ్రీమతి కుర్చీ ఎక్కడా ఆగకుండా సాగిందంటే, ఎవరో ఎన్నడో ప్రతి మెట్టు వద్దా ఆలోచించారన్న మాట. అందుకు వేల ఎకరాలు అక్కరలేదు. మన టౌన్‌షిప్ పార్కులో ఊయలల వద్దకు ఒక వాలుదారి, వృద్ధుల కొరకు నీడలో రెండు బల్లలు ఏర్పరచడానికి కొద్దిపాటి సిమెంటు, కొంత శ్రద్ధ చాలు.

పిల్లలు విదేశాలలో ఉన్న మిత్రులకు ఒక మనవి. ఇటువంటి ప్రయాణం తటస్థించినపుడు "నా మూలంగా" అనే మాటను ఇంటివద్దనే వదలి బయలుదేరండి. పిల్లలకు కావలసినది మన నడక కాదు, మన తోడు.